అధిక బరువుతో పాటు పీసీఓఎస్: ఏ అవసరానికి ఏ మందు ఎంచుకోవాలి?

పీసీఓఎస్‌ను, అంటే హార్మోన్ల తేడాల వల్ల నెలసరి, అండం విడుదల దెబ్బతినే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్‌ను, పూర్తిగా నయం చేసే మందు ఇప్పటివరకు ఒక్కటి కూడా లేదు. వాడుకలో ఉన్న మందులన్నీ ఆ సమస్యలోని ఏదో ఒక భాగం మీద పనిచేసేవే. కొన్ని నెలసరిని క్రమబద్ధం చేస్తాయి, కొన్ని ముఖం మీది రోమాలను తగ్గిస్తాయి, కొన్ని అండం విడుదలయ్యేలా చేస్తాయి, మరికొన్ని షుగర్‌నూ బరువునూ అదుపులోకి తెస్తాయి. అందువల్ల పీసీఓఎస్‌కు ఏ మందు మంచిదని అడిగితే సరైన జవాబు రాదు. ప్రస్తుతం నాకు ముందుగా తీరవలసిన ఇబ్బంది ఏది, దానికి ఏ మందు బాగా పనిచేస్తుంది అని అడిగితే మాత్రం స్పష్టమైన జవాబు ఉంది. చదువుకుంటున్న వయసులో సరిగ్గా సరిపోయిన మందు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న వయసులో అదే మనిషికి పూర్తిగా తప్పు కావచ్చు.

మందుల పోలికకు ముందు రోగనిర్ధారణ గురించి ఒక మాట చెప్పుకోవాలి. స్కానింగ్‌లో నీటి బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ ఉన్నట్టు కాదు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాల్లో రెండైనా ఉండాలి: నెలసరి తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉన్న గుర్తులు, స్కానింగ్‌లో అండాశయాల ప్రత్యేక రూపం. టీనేజీ అమ్మాయిలకు స్కానింగ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. మొదటి రెండూ ఉంటేనే పీసీఓఎస్ అనాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టేలా చేసే హార్మోను) పరీక్షలు చేయించి, నెలసరి తప్పడానికి ఆ కారణాలు లేవని తేల్చుకోవడం కూడా అవసరం. వీటితో పాటు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే షుగర్ పరీక్ష, రక్తపోటు, కొలెస్ట్రాల్ వివరాలు చేతిలో లేకుండా మందుల ఎంపికకు కూర్చోవడం వృథా. పరగడుపు షుగర్ మామూలుగా ఉండి, గ్లూకోజు తాగిన తర్వాతి విలువ మాత్రం పెరిగి ఉన్నవాళ్లు పీసీఓఎస్‌లో తక్కువేమీ కాదు.

అధిక బరువు అన్న మాటకు మన దేశంలో లెక్క వేరు. పాశ్చాత్య దేశాల్లో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 25 దాటితే అధిక బరువు అంటారు. భారతీయులకు 23 నుంచే అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా పరిగణిస్తారు; స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు మించకూడదంటారు. మనవాళ్లలో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కనిపిస్తాయి కాబట్టే ఈ తేడా. ఆ లోటు పూడ్చడానికి శరీరం ఇన్సులిన్‌ను మరింత ఎక్కువగా తయారుచేస్తుంది. పెరిగిన ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. మరోవైపు ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. బరువున్నవారిలో పీసీఓఎస్ లక్షణాలు తీవ్రంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి మెరుగుపడుతుందన్నది నిజం. కానీ బరువు తగ్గి రండి, తర్వాత చూద్దాం అని ఒట్టి చేతులతో పంపడం వైద్యం కాదు. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు బరువు పేరిట పీసీఓఎస్ ఉన్న మహిళలకు జరిగే అవమానాన్ని ప్రత్యేకంగా గుర్తించాయి. బరువు తగ్గే ప్రయత్నమూ మందులూ కలిసి నడవవలసినవి. మొదటిది పూర్తయ్యేదాకా రెండోది ఆపి ఉంచనక్కర్లేదు.

నెలసరి కోసం: గర్భనిరోధక మాత్రలా, ప్రొజెస్టరానా?

ఇప్పట్లో గర్భం వద్దనుకునేవారికి, నెలసరి తప్పడం, అవాంఛిత రోమాలు, మొటిమలు ప్రధాన సమస్యలైనవారికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ తరహా హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రలే మొదటి ఎంపిక. వీటి పేరు వినగానే పెళ్లి కాని అమ్మాయి తల్లి ముఖంలో కనిపించే భయం మన ఇళ్లలో కొత్తది కాదు. ఈ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్న నమ్మకం వల్ల ఎందరో అమ్మాయిలు ఏళ్ల తరబడి వైద్యం లేకుండా ఉండిపోతున్నారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు. మాత్రలు ఆపిన తర్వాత శరీరం తన పూర్వస్థితికి వస్తుంది. మళ్లీ నెలసరి తప్పితే అది మాత్రలు చేసిన హాని కాదు, లోపల అలాగే ఉన్న పీసీఓఎస్ మళ్లీ బయటపడటం మాత్రమే.

ఏ కంపెనీ మాత్ర అన్న విషయంలో అనవసరమైన తర్జనభర్జన జరుగుతోంది. పీసీఓఎస్‌కు ఫలానా మాత్రే మేలైనదని చూపే ఆధారాలు లేవు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఈస్ట్రాడయాల్, 150 మైక్రోగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. 28 మాత్రల ఆ అట్టలో 21 హార్మోను మాత్రలు, మిగిలిన ఏడు ఐరన్ మాత్రలు. ఖరీదైన మాత్రల్లో లెవోనార్జెస్ట్రెల్ స్థానంలో డ్రోస్పిరెనోన్ లేదా సైప్రోటెరోన్ ఉంటుంది. అవి పురుష హార్మోన్లను అడ్డుకుంటాయి కాబట్టి రోమాలకు, మొటిమలకు మరింత మంచివని రాస్తుంటారు. అయితే బరువున్నవారి విషయంలో తక్కెడ రెండో వైపు కూడా చూడాలి. యూరోపియన్ ఔషధ సంస్థ లెక్కల ప్రకారం, ఏ మాత్రా వాడని ప్రతి 10,000 మంది మహిళల్లో ఏడాదికి ఇద్దరికి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటే, లెవోనార్జెస్ట్రెల్ మాత్రలు వాడేవారిలో అది 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరెనోన్ మాత్రలు వాడేవారిలో 9 నుంచి 12 మందికి ఉంటుంది. మొత్తం మీద ఇది తక్కువ ప్రమాదమే. కానీ అధిక బరువు దానంతటదే ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. అందుకే బీఎంఐ 30 దాటినవారు లెవోనార్జెస్ట్రెల్ మాత్రతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్‌తో కలిసిన సైప్రోటెరోన్ మాత్రను మొదటి ఎంపికగా వాడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

గతంలో కాలి సిరల్లోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవారు, కళ్ల ముందు మెరుపులు కనిపించి ఆ తర్వాత వచ్చే రకం మైగ్రేన్ ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు ఈ మాత్రలు వాడకూడదు. రక్తపోటు చూడకుండా ఈ మాత్రలు రాసిస్తే, చూడమని అడగడానికి మొహమాటపడవద్దు.

వాడకూడనివారికీ, రోజూ మాత్ర వేసుకోవడం ఇష్టం లేనివారికీ ఉన్న ప్రత్యామ్నాయం, అప్పుడప్పుడూ కొన్ని రోజులు మాత్రమే వేసుకునే ప్రొజెస్టరాన్ తరహా మాత్ర. మెడ్రాక్సీప్రొజెస్టరాన్ 10 మి.గ్రా. పది రోజులు వేసుకుని ఆపితే, ఆ తర్వాత కొద్ది రోజుల్లో నెలసరి వస్తుంది. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భాశయ లోపలి పొర మందంగా పేరుకుపోయి, కాలక్రమంలో కేన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉంది. బరువున్నవారిలో అది మరింత ఎక్కువ. కాబట్టి కనీసం మూడు నెలలకు ఒకసారైనా ఆ పొర రాలిపోయేలా చూసుకోవాలి. అయితే ఈ పద్ధతి గర్భాన్ని ఆపదు, రోమాలను తగ్గించదు. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న గర్భాశయ పరికరం ఏళ్ల తరబడి ఆ పొరను కాపాడుతుంది కాబట్టి, పిల్లలు పుట్టి ఇక చాలనుకున్నవారికి అది చాలా మంచి ఎంపిక.

ఈ సందర్భంలోనే మరొక అలవాటు గురించి చెప్పాలి. వ్రతాలకూ పెళ్లిళ్లకూ నెలసరిని వాయిదా వేయడానికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నారెథిస్టెరోన్ పీసీఓఎస్‌కు వైద్యం కాదు. రోజుకు మూడు మాత్రల మోతాదులో అందులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడకూడనివారు దీన్ని కూడా నిరపాయమైనదనుకుని వేసుకోకూడదు.

రోమాలు, మొటిమలు

వీటి విషయంలో కావలసింది ఓపిక. ఒక వెంట్రుక మొలిచి, పెరిగి, రాలే చక్రం నెలల తరబడి సాగుతుంది కాబట్టి గర్భనిరోధక మాత్ర పనిచేస్తోందో లేదో ఆరు నెలలు గడిస్తే గానీ తెలియదు. రెండు నెలలకే మాత్ర మార్చడం వల్ల లాభం లేదు. లేజర్ వంటి పద్ధతులను మాత్రతో పాటే మొదలుపెట్టవచ్చు. ఆరు నెలల తర్వాత కూడా ఫలితం చాలకపోతే పురుష హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్‌ను, సాధారణంగా రోజుకు 50 నుంచి 100 మి.గ్రా. వరకు, జోడిస్తారు. కడుపులో మగ శిశువు ఉంటే ఈ మందు అతని జననాంగాల ఎదుగుదలను దెబ్బతీసే ప్రమాదం ఉంది కాబట్టి, గర్భం రాకుండా నమ్మకమైన ఏర్పాటు లేనిదే దీన్ని వాడకూడదు. కిడ్నీ సమస్య ఉన్నవారు పొటాషియం పరీక్ష చేయించుకోవాలి.

మెట్‌ఫార్మిన్, ఇనోసిటాల్

అధిక బరువున్నవారికి మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ రాయడం సబబే. బీఎంఐ 25 దాటిన పెద్దవారిలో షుగర్, ఇన్సులిన్, కొలెస్ట్రాల్ మెరుగుదలకు దీన్ని పరిగణించమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. దక్షిణాసియా మూలాలున్నవారికి మధుమేహం ముప్పు ఎక్కువ కాబట్టి మనకు ఈ మాట మరింత వర్తిస్తుంది. కానీ దీని నుంచి ఏం ఆశించాలో ముందే తెలియాలి. నెలసరి, రోమాల విషయంలో గర్భనిరోధక మాత్ర దీనికన్నా మెరుగు. షుగర్, ఇన్సులిన్ విషయంలో ఇదే మెరుగు. బరువు మీద దీని ప్రభావం స్వల్పమే. ఆరు నెలలు వాడినా పది కేజీలు తగ్గలేదని ఆపేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఈ మందు ఇవ్వలేనిదాన్ని ఇస్తుందని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. బీఎంఐ 30 దాటినవారికి, ఇంట్లో మధుమేహం ఉన్నవారికి గర్భనిరోధక మాత్రనూ మెట్‌ఫార్మిన్‌నూ కలిపి ఇవ్వడం వల్ల ప్రయోజనం ఉంది.

మెట్‌ఫార్మిన్‌ను మధ్యలో వదిలేయడానికి ప్రధాన కారణం వికారం, విరేచనాలు. మొదలుపెట్టే తీరు సరిగా ఉంటే ఇవి చాలావరకు తప్పుతాయి. రాత్రి భోజనంతో పాటు 500 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకోవాలి, ఖాళీ కడుపుతో కాదు. ఒకటి రెండు వారాలు కడుపు కుదురుగా ఉంటే మరో 500 పెంచాలి. పెద్దవారికి రోజుకు గరిష్ఠంగా 2.5 గ్రాములు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్ర కడుపును తక్కువ ఇబ్బంది పెడుతుంది, కానీ దాన్ని విరవకూడదు, నమలకూడదు. కొన్నిసార్లు ఆ మాత్ర పైపెంకు మలంలో అలాగే కనిపించి, మందు అరగలేదేమోనన్న కంగారు పుడుతుంది. లోపలి మందు అప్పటికే శరీరంలోకి చేరిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు. శాకాహారులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండి, ఏడాదికోసారైనా పరీక్ష చేయించుకోవడం మంచిది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఈ మందు పనికిరాదు.

ఇనోసిటాల్ సంగతి వేరు. ఇది మందు కన్నా ఆహార అనుబంధంగానే ఎక్కువగా అమ్ముడవుతుంది. హాని దాదాపు లేదు, కానీ నెలసరిగానీ గర్భంగానీ దీనివల్ల మెరుగవుతాయనడానికి ఉన్న ఆధారాలు బలహీనమైనవి. రోమాలు, పొట్ట కొవ్వు విషయంలో మెట్‌ఫార్మిన్‌కే మొగ్గు. ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మయో-ఇనోసిటాల్ మోతాదు రోజుకు 4 గ్రాములు. మన దుకాణాల్లో దొరికే జంట మాత్రల్లో తరచుగా 500 మి.గ్రా. మెట్‌ఫార్మిన్, 600 మి.గ్రా. మయో-ఇనోసిటాల్ ఉంటాయి, రోజుకు రెండు వేసుకున్నా ఇనోసిటాల్ 1.2 గ్రాములే. అదే మాత్రలోని మెట్‌ఫార్మిన్ విడిగా, ముఖ్యంగా జెనరిక్‌గా, చాలా చౌకగా వస్తుంది. డబ్బు లెక్క చూసుకోవలసిన ఇంట్లో ముందుగా వదులుకోదగినది ఇనోసిటాలే అని నేను నమ్ముతాను. మెట్‌ఫార్మిన్ ఎంత ప్రయత్నించినా పడనివారు దాన్ని ప్రయత్నించడంలో మాత్రం తప్పు లేదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు

2025 మార్చిలో టిర్జెపటైడ్, అదే ఏడాది జూన్‌లో బరువు తగ్గించే మోతాదు సెమాగ్లూటైడ్ మన దేశ మార్కెట్‌లోకి వచ్చాక అందరి దృష్టీ వీటి మీదే ఉంది. వీటి బలం నిజమైనదే. ఊబకాయం ఉన్నవారి మీద జరిపిన పెద్ద ప్రయోగాల్లో, వారానికి 2.4 మి.గ్రా. సెమాగ్లూటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం, 15 మి.గ్రా. టిర్జెపటైడ్ వాడినవారు 72 వారాల్లో సగటున 20.9 శాతం బరువు తగ్గారు. మెట్‌ఫార్మిన్‌గానీ, బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ అనే పాత మందుగానీ ఈ దరిదాపులకు రావు. అయితే అవి పీసీఓఎస్ కోసం ప్రత్యేకంగా చేసిన ప్రయోగాలు కావు. సాధారణ ఊబకాయానికి వర్తించే నియమాల ప్రకారమే పీసీఓఎస్ ఉన్నవారు కూడా వీటిని వాడవచ్చన్నది మార్గదర్శకాల వైఖరి.

నా దృష్టిలో వీటికి సరైన అభ్యర్థి ఎవరంటే, బీఎంఐ 30 దాటి లేదా షుగర్, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగడం వంటి సమస్య తోడై, వచ్చే ఏడాది లోపు గర్భం ఆలోచన లేని మహిళ. బీఎంఐ 24 ఉండి, పెళ్లికి ముందు నాలుగు కేజీలు తగ్గాలనుకునే అమ్మాయి కాదు. సెమాగ్లూటైడ్ 0.25 మి.గ్రా.తో మొదలై, నాలుగు వారాలకోసారి మెట్టు మెట్టుగా పెరిగి పూర్తి మోతాదుకు చేరడానికే నాలుగు నెలలు పడుతుంది. వికారం, వాంతులు, మలబద్ధకం మోతాదు పెంచినప్పుడల్లా రావచ్చు. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. ఆకలి తగ్గి పప్పు, గుడ్డు, పెరుగు వంటివి కూడా తగ్గించేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. గతంలో ప్యాంక్రియాస్ వాపు వచ్చినవారు, ఇంట్లో మెడుల్లరీ రకం థైరాయిడ్ కేన్సర్ ఉన్నవారు వీటి జోలికి వెళ్లకూడదు.

ఆపితే ఏమవుతుందన్నది మొదలుపెట్టే ముందే తెలియాలి. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు ఆ ప్రయోగం కొనసాగింపులో తేలింది. కాబట్టి నెల ఖర్చు మాత్రమే కాదు, ఏళ్ల ఖర్చు లెక్కించుకోవాలి. టిర్జెపటైడ్ విడుదలైనప్పుడు 2.5 మి.గ్రా. సీసా ధర 3,500 రూపాయలు, 5 మి.గ్రా. సీసా 4,375 రూపాయలు. ఒక్కో సీసా ఒక వారానికి. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చి వరకే కాబట్టి ఆ తర్వాత ఆ మందు ధరల లెక్క వేరు. కొనే రోజున విచారించి నిర్ణయించుకోవడం మేలు.

గర్భానికి సంబంధించి రెండు విషయాలు తప్పనిసరి. సెమాగ్లూటైడ్‌ను గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు నోటితో తీసుకునే గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు కాబట్టి, మొదలుపెట్టిన తర్వాత నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి. బరువు తగ్గడంతో ఆగిపోయిన అండోత్పత్తి చడీచప్పుడు లేకుండా తిరిగి మొదలవుతుంది. తనకు పీసీఓఎస్ ఉంది కాబట్టి గర్భం రాదని నమ్మి జాగ్రత్త మానేసినవారికి ఈ దశలో గర్భం రావడం అరుదేమీ కాదు.

ఆర్లిస్టాట్ గురించి క్లుప్తంగా: తిన్న కొవ్వులో కొంత భాగం అరగకుండా చేస్తుంది. ఫలితం స్వల్పం, నూనె పదార్థాలు తిన్న రోజున జిడ్డు విరేచనాలు ఖాయం.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు

ఇక్కడ పోలిక దాదాపు తేలిపోయింది. 2014లో ప్రచురితమైన అమెరికా ప్రయోగంలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మహిళలకు, సగటు బీఎంఐ దాదాపు 35 ఉన్నవారికి, అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్‌గానీ క్లోమిఫిన్‌గానీ ఇచ్చారు. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. బరువు ఎక్కువున్నవారిలో లెట్రోజోల్ ఆధిక్యం మరింత స్పష్టంగా కనిపించింది. అందుకే నేడు లెట్రోజోల్ మొదటి ఎంపిక: 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, నెలసరి మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు, స్పందన లేకపోతే 7.5 వరకు పెంచుతూ ఇస్తారు.

మన దేశంలో ఈ మందు మీద ఇప్పటికీ ఒక నీడ ఉంది. రొమ్ము కేన్సర్ మందును సంతానం కోసం ఇస్తున్నారన్న ఆందోళనల నడుమ 2011 అక్టోబర్‌లో ఆ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 2017లో ఆ నిషేధాన్ని తొలగించింది. పాత వార్తలు చదివి భయపడేవారికి ఈ రెండో సంగతి చేరాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కదాన్నే సంతానం కోసం నమ్ముకోవడం సమయం పోగొట్టుకోవడమే. 2007 నాటి 626 మంది ప్రయోగంలో మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడినవారిలో 7.2 శాతం మందికి, క్లోమిఫిన్ మాత్రమే వాడినవారిలో 22.5 శాతం మందికి, రెండూ కలిపి వాడినవారిలో 26.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. షుగర్ ఎక్కువగా ఉంటే మెట్‌ఫార్మిన్‌ను కొనసాగిస్తూనే లెట్రోజోల్ మొదలుపెట్టవచ్చు. ముప్పై ఐదేళ్లు దాటినవారు ముందు బరువు తగ్గించే ఇంజెక్షన్ల మీద ఒకటిన్నర ఏడాది గడపాలా, నేరుగా లెట్రోజోల్‌కు వెళ్లాలా అన్న సందేహం వస్తే, వయసుతో తగ్గే అండాల సంఖ్యను దృష్టిలో పెట్టుకుని నేను రెండోదానివైపే మొగ్గుతాను. లెట్రోజోల్ మొదలుపెట్టే ముందు భర్త వీర్య పరీక్ష తప్పనిసరి. ఆ ఒక్క పరీక్ష చేయించకుండా భార్యకు మాత్రం నెలల తరబడి మందులు మింగించడం అన్యాయం.

వాడుతున్న మందు ఏదైనా దాన్ని సమీక్షించే గడువు ముందే రాయించుకోండి: మెట్‌ఫార్మిన్‌కు, రోమాల కోసం వాడే మాత్రకు ఆరు నెలలు, లెట్రోజోల్‌కు నాలుగైదు నెలసరి చక్రాలు. షుగర్ పరీక్షను ఒకటి నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి తప్పి గర్భ పరీక్షలో రెండు గీతలు కనిపిస్తే స్పైరోనోలాక్టోన్, ఇంజెక్షన్లు, గర్భనిరోధక మాత్రలు వెంటనే ఆపాలి. మెట్‌ఫార్మిన్ విషయం మాత్రం సొంతంగా తేల్చుకోకుండా డాక్టరును అడగాలి.